పక్క ఖాళీ ప్లాట్లలో అడవి పెరిగింది. మున్సిపాలిటీ ప్రైవేటు స్థలం అంటోంది. ఏం చేయాలి?

మూడో_లైను
అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర ఒక లేఅవుట్‌లో ఇల్లు కట్టుకుని ఉంటున్నాం. మాకు తూర్పున ఒక ఖాళీ ప్లాటు, పడమర కార్నర్ ప్లాటు. రెండిట్లోనూ కొన్నేళ్లుగా ఎవరూ అడుగు పెట్టలేదు. ఈ వానలకు వయ్యారిభామ అనే కలుపు మొక్క ఛాతీ ఎత్తు లేచింది. మధ్యలో సర్కారు తుమ్మ. తీగలు మా ప్రహరీ ఎక్కి మోటారు షెడ్డు రేకుల మీదకు పాకాయి. పోయిన వారం షెడ్డులో జెర్రిపోతు కనపడింది. విషం లేని పామే అని నేను చెప్పినా మా అత్తగారు అప్పటినుంచి పెరట్లోకి రావడం మానేశారు.

వార్డు సచివాలయంలో అడిగితే "అది ప్రైవేట్ స్థలం సార్, మా పారిశుద్ధ్య సిబ్బంది దిగకూడదు" అన్నారు. ఓనర్లు ఎవరో లైన్లో ఎవరికీ తెలియదు. సొంత స్థలంలో గడ్డి ఎంతైనా పెంచుకోవచ్చా? దీనికి రూలే లేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

చింతచిగురు
నాలుగు మేకల్ని తోలండి. గడ్డి పోతుంది, దసరాకి పనికొస్తాయి 😀

మూడో_లైను
అదీ అయింది. గొర్రెలాయన తోలుకొచ్చి, చూసి, "ఇది ముట్టవు బాబూ" అని వెళ్లిపోయాడు.

రైతుబిడ్డ_బాపట్ల
నిజమే, వయ్యారిభామ పశువులు ముట్టవు. మేత దొరక్క తింటే పాలు చేదెక్కుతాయి. కొందరికి చర్మం మీద దద్దుర్లు, ఆయాసం కూడా వస్తాయి. చేత్తో పీకే ముందు ఇది గుర్తుంచుకోండి. మిగతాది తీరిగ్గా రాస్తాను.

రిటైర్డ్_శానిటరీ
బాబూ, మున్సిపల్ శానిటేషన్‌లో చేసి రిటైరైనవాణ్ణి. మీకు సచివాలయంలో చెప్పింది సగం నిజం. పౌరుల పన్నుతో ఒకరి సొంత ప్లాటు ఊరికే శుభ్రం చేసిపెట్టకూడదు, అంతవరకు సరే. "అందుకని మేమేం చేయలేం" అనేదే తప్పు.

ఆంధ్రాలో మున్సిపాలిటీలకు 1965 చట్టం, కార్పొరేషన్లకు వాటి చట్టం. తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం, జీహెచ్ఎంసీకి 1955 చట్టం. వీటి సారం ఒక్కటే. ఒక స్థలం చుట్టుపక్కలవాళ్ల ఆరోగ్యానికి హానిగా తయారైతే ఓనరుకు కమిషనర్ నోటీసు ఇచ్చి శుభ్రం చేయమనొచ్చు. గడువులోగా చేయకపోతే మున్సిపాలిటీయే చేయించి, ఆ ఖర్చు ఓనరు దగ్గర రాబట్టుకోవచ్చు. అధికారం ఉంది. వాడడమే తక్కువ.

ఎందుకు వాడరో కూడా చెప్తాను, తెలిస్తే మీ పని సులువవుతుంది. ఒకటి, నోటీసు ఎవరి పేరున ఇవ్వాలో తెలియదు. రెండు, జేసీబీ అద్దె ముందు మున్సిపాలిటీ పెట్టుకోవాలి. ఓనరు దొరక్కపోతే ఆ డబ్బు తిరిగి రాదు, రేపు ఆడిట్‌లో "ప్రైవేట్ స్థలానికి ఖర్చేమిటి" అని అడుగుతారు. కింది ఉద్యోగి ఆ టెన్షన్ ఎందుకు నెత్తిన పెట్టుకుంటాడు? అందుకని నోటితో అడిగినవాణ్ణి నోటితోనే పంపించేస్తాడు.

కాబట్టి నోటితో అడగొద్దు. కమిషనర్ పేరున అర్జీ రాయండి. ప్లాటు నంబరు, సర్వే నంబరు, రోడ్డు పేరు, తేదీ పడిన ఫోటోలు పెట్టండి. "మాకు ఇబ్బందిగా ఉంది" అని రాస్తే అది పక్కింటి తగాదా కింద పోతుంది. "పాములు, దోమలు చేరి ప్రజారోగ్యానికి హాని" అని రాయండి, లైన్లో నలుగురి చేత సంతకం పెట్టించండి. రసీదు తీసుకోకుండా రావొద్దు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వండి. అక్కడ నంబరు పడుతుంది, నంబరు పడిన కాగితానికి ఎవరో ఒకరు జవాబు రాయాల్సిందే.

అసలు కిటుకు ఇది. రెవెన్యూ విభాగానికి వెళ్లి "ఈ రెండు ప్లాట్లకు ఖాళీ స్థలం పన్ను వేశారా?" అని అడగండి. వేసి ఉంటే ఓనరు పేరు, చిరునామా వాళ్ల రిజిస్టర్‌లోనే ఉంటాయి. వేయకపోతే వాళ్లకు ఆదాయం పోతోంది గనుక వాళ్లే వెతుకుతారు. గడ్డి కోసం కదలని ఫైలు పన్ను కోసం కదులుతుంది.

దోసకాయపప్పు
మాది హైదరాబాద్ శివారు. 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి అనే ప్రభుత్వ శుభ్రతా కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మా వైపు ఖాళీ ప్లాట్లన్నీ ఒక్క ఊపులో తీసేశారు. పొదలు కొట్టారు, పాడుబడ్డ బోరుగుంతలు పూడ్చారు, ఓనర్లకు నోటీసులన్నారు. చూడముచ్చటగా ఉండింది. మళ్లీ వానాకాలం వచ్చేసరికి ఎప్పటి అడవి అప్పుడే. ప్రోగ్రాం ఉన్నన్నాళ్లే రూలు గుర్తుంటుంది.

ఒక్కటి మాత్రం పనికొచ్చింది. కొన్ని ప్లాట్లలో "ఈ స్థల యజమాని మున్సిపల్ ఆఫీసును సంప్రదించాలి" అని బోర్డు పాతారు. ఎన్ని ఫోన్లు చేసినా ఎత్తని ఓనర్లు బోర్డు ఫోటో వాట్సాప్‌లో చూసి మర్నాడే కార్లలో దిగారు.

డాలస్_మామయ్య
నేను అవతలి పక్షం నుంచి మాట్లాడతాను, తిట్టుకోకండి. నాకూ హైదరాబాద్‌లో ఒక ప్లాటు ఉంది, నేనుండేది టెక్సస్‌లో. మీరందరూ ఓనరంటే పట్టనివాడు అనుకుంటున్నారు. మాకున్న భయం వేరు. ప్లాట్లోకి ఎవరు దిగినా కబ్జా అనే అనుకుంటాం. పోయినేడాది కాలనీవాళ్లు మంచికే జేసీబీ పెట్టించి చదును చేశారు. గడ్డితో పాటు నా హద్దురాళ్లు కూడా పోయాయి! మళ్లీ సర్వేయర్, మళ్లీ రాళ్లు, పక్క ప్లాటాయన "మీ రాయి అడుగు ఇవతలికి వచ్చింది" అని గొడవ. గడ్డి కోయించడానికి అయ్యేదానికన్నా అది ఎన్నో రెట్లు పడింది.

అందుకని ఎవరైనా సరే, ఓనరుకు చెప్పకుండా జేసీబీ మాత్రం దింపొద్దు.

మూడో_లైను
మామయ్య గారూ, భయం అర్థమైంది. కానీ చెబుదామంటే మీ ఫోన్ నంబరు ఎవరి దగ్గరుంది? మీరు టెక్సస్‌లో మీ ఇంటి ముందు గడ్డి ఇలాగే వదిలేస్తారా?

డాలస్_మామయ్య
మంచి దెబ్బే కొట్టారు 🙂 వదలను. వదలనివ్వరు.

ఇక్కడ ఎలాగో చెప్తాను. డాలస్ సిటీలో గడ్డి, కలుపు 12 అంగుళాలు దాటకూడదు. దాటితే కోడ్ ఇన్‌స్పెక్టర్ నోటీసు. రాష్ట్ర చట్టం ప్రకారం ఓనరుకు 7 రోజులు టైమ్. అప్పటికీ కోయకపోతే సిటీయే మనుషుల్ని పెట్టి కోయించి బిల్లు పంపుతుంది. కట్టకపోతే ఆ బాకీని ఆస్తి మీద రాయిస్తారు, ఏడాదికి 10 శాతం వడ్డీ. ఇల్లు అమ్ముకోబోయినప్పుడు అది తేలుతుంది, తీర్చకుండా అమ్మకం సాగదు. 48 అంగుళాలు దాటి మనుషులకు ప్రమాదంగా ఉంటే ముందు కోసేసి ఆ తర్వాతే నోటీసు పంపొచ్చు. మూడో_లైను గారి ప్లాట్లు ఆ లెక్కలోకే వస్తాయి.

ఇదంతా మనుషులు మంచివాళ్లని నడవడం లేదు. ఓనరు ఎక్కడున్నా బాకీ స్థలాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. అదొక్కటే తేడా.

బయూ_పక్కన
హ్యూస్టన్‌లో అయితే 9 అంగుళాలే. ఇక్కడి ఎండకు, వానకు రెండు వారాలు ఊరెళ్లొస్తే చాలు, దాటేస్తుంది. ఇండియాకి నెల రోజులు వెళ్లేటప్పుడు పాస్‌పోర్ట్ కన్నా ముందు లాన్ కోసేవాడికి ఫోన్ చేస్తాం. సిటీ కాకుండా హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల ఓనర్ల సంఘం) వాళ్ల ఉత్తరాలు మళ్లీ వేరే. అవి ఇంకా చాదస్తం.

ఈ రూలు మరీ ముదిరితే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఫ్లోరిడాలో డనీడిన్ అనే ఊళ్లో ఒకాయన, తల్లి పోయాక ఆవిడ ఆస్తి వ్యవహారాలు చూడటానికి వేరే రాష్ట్రం వెళ్లాడు. గడ్డి కోయడానికి మాట్లాడుకున్న మనిషి ఈలోపు చనిపోయాడు. గడ్డి పెరిగింది. రోజుకు 500 డాలర్ల జరిమానా, మొత్తం దాదాపు 30 వేల డాలర్లయింది. ఇదంతా 2018లో. కట్టలేకపోతే ఇల్లే వేలం వేసేదాకా సిటీ వెళ్లింది, ఆయన కోర్టుకెక్కాడు. పది అంగుళాల గడ్డికి! మన దగ్గర రూలు కదలదు, అక్కడ కదిలితే ఆగలేదు.

చింతచిగురు
రోజుకు 500 డాలర్లా. మా కాలనీలో ఆ రూలు పెడితే ఒక్క వానాకాలంలో ఫ్లైఓవర్ కట్టొచ్చు.

మొక్కల_పిచ్చి
ఒక మాట. పెరిగిందల్లా కలుపు కాదు. అమెరికాలోనే ఈ అంగుళాల లెక్క మీద తిరుగుబాటు వచ్చింది. స్థానిక పూలమొక్కలు, తేనెటీగలకు పనికొచ్చేవి పద్ధతిగా పెంచుకుంటే సిటీలు ఒప్పుకోవాలని మిన్నెసోటా 2023లో చట్టమే చేసింది. మన దగ్గర కూడా ఖాళీ ప్లాటంటే వెంటనే నేల గీకేసి ఎర్రమట్టి కనపడాలని చూస్తాం. తంగేడు, తుమ్మికూర, ఉత్తరేణి అన్నీ జేసీబీ బకెట్‌లోకే. వినాయక చవితికి పత్రి కొనుక్కునేది మళ్లీ మనమే.

రిటైర్డ్_శానిటరీ
అమ్మా, పెంచుకున్నది వేరు, వదిలేసింది వేరు. ప్లాటు ఓనరు వారానికోసారి వచ్చి చూసుకునే తోటైతే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఇక్కడ పాము కనపడిందన్నది సమస్య.

మొక్కల_పిచ్చి
పాముదీ అంతే గురువు గారూ. పాము గడ్డి కోసం రాదు, ఎలుక కోసం వస్తుంది. ఖాళీ ప్లాట్లో అన్నం, చెత్త కవర్లు విసిరేది ఎవరు? ఆ లైన్లో వాళ్లే కదా. ప్లాటంతా గీకేసినా చెత్త వేయడం ఆగకపోతే ఎలుకలుంటాయి, వాటి వెనక నాగుపాము, రక్తపింజర వస్తాయి. జెర్రిపోతు ఎలుకల్ని తినిపెడుతోంది, దాన్ని చంపొద్దు. పట్టేవాళ్లను పిలవండి. హైదరాబాద్‌లో అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లున్నారు, మీ వైపు అటవీ శాఖను అడగండి.

మూడో_లైను
చెత్త సంగతి ఒప్పుకోవాల్సిందే. మా ఎదురింటివాళ్లు కొబ్బరి బొండాలు అందులోకే విసురుతారు.

నర్సమ్మ_కొడుకు
అయితే మీకు దోమల వల్ల డెంగీ ముప్పు గడ్డితో కాదు, ఆ బొండాలతో. డెంగీ దోమ నిలవ ఉన్న కొద్దిపాటి శుభ్రమైన నీళ్లలో గుడ్లు పెడుతుంది. బొండాం, టీ కప్పు, పాత టైరు, పెయింట్ డబ్బా, ఇవే దానికి ఇళ్లు. గుడ్డు నుంచి దోమ అవడానికి వారం, పది రోజులు చాలు. పొదలు దోమలకు పగలు నీడనిస్తాయి, అంతే. అమ్మ పీహెచ్‌సీలో పనిచేసినన్నాళ్లూ ఇదే మొత్తుకునేది. మీరు అర్జీ ఇచ్చి కూర్చునేలోపు వారానికోసారి ఆ బొండాలు ఏరి బోర్లిస్తే సగం పని అవుతుంది. దానికి ఏ చట్టమూ అక్కర్లేదు.

సూటిగా_చెప్తా
ఇంత చర్చ దేనికి? ఎండాకాలంలో ఒక అగ్గిపుల్ల. మా ఊళ్లో అదే చేస్తాం.

రిటైర్డ్_శానిటరీ
అలాంటి సలహాలు ఇవ్వకయ్యా. ఎండిన పొదకి నిప్పు పెడితే కరెంటు తీగల కిందే మండుతుంది, పక్కింటి కారూ మండుతుంది. లోపల ప్లాస్టిక్ ఉంటే ఆ పొగ వేరే. బయట చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్దఎత్తున అయితే 25,000 అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. ఓనరు మీద కేసు పెట్టబోయి మీరే జరిమానా కడతారు.

రైతుబిడ్డ_బాపట్ల
చెప్పినట్టు వచ్చాను. వయ్యారిభామ గురించి.

ఇది మన మొక్క కాదు. అమెరికా నుంచి తెచ్చిన గోధుమలతో కలిసి వచ్చిందంటారు, 1950ల మధ్యలో పుణె దగ్గర బయటపడింది. దీనికి కాంగ్రెస్ గడ్డి అనే పేరు కూడా ఉంది. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది, అవి నేలలో ఏళ్ల తరబడి ఉంటాయి. తెల్లపూలు వచ్చాక కోయించడం డబ్బు దండగ. కోసేటప్పుడు విత్తనం మీరే చల్లినట్టవుతుంది. జేసీబీ అయితే ఆ మట్టిని నాలుగు వీధులకు మోసుకెళ్తుంది.

పద్ధతి ఏమిటంటే, వాన పడి నేల మెత్తబడ్డాక, పూతకు రాకముందు, వేళ్లతో సహా పీకించాలి. చేతులకు గ్లవ్స్, మూతికి గుడ్డ, ఫుల్ చేతుల చొక్కా తప్పనిసరి. గడ్డి మిషన్‌తో పైపైన కొడితే మొదళ్ల నుంచి మళ్లీ పిలకలు వేస్తుంది. కాకపోతే ఇంత ఎత్తు పెరిగిందాన్ని ముందు మిషన్‌తో దించి, రెండో విడత మొలిచేదాన్ని లేతగా ఉన్నప్పుడు పీకించడమే మీకు కుదిరేది. అంటే ఒకసారి ఖర్చు కాదు, రెండుసార్లు.

ఉప్పు నీళ్ల సంగతి అడుగుతారు. లీటరుకు 200 గ్రాముల దాకా ఉప్పు కలిపి కొడితే మాడుతుంది, నిజమే. కానీ ప్రహరీ పక్కన కొట్టకండి, ఉప్పు గోడల్ని తింటుంది. ఇంకొకరి నేల పాడుచేసే హక్కూ మనకు లేదు. గ్లైఫోసేట్ అనే కలుపు మందు 2022 అక్టోబరు నుంచి పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ కొట్టకూడదని కేంద్రం ఆంక్ష పెట్టింది. షాపువాడు ఇచ్చాడు కదా అని తెచ్చి ఇళ్ల మధ్య కొట్టొద్దు.

ఆకులకు జల్లెడలా చిల్లులు కనపడితే సంతోషించండి. మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరు దగ్గర వదిలిన పెంకు పురుగు పని అది. వానల్లో ఈ మొక్కనే తింటుంది. ఖాళీ చేశాక నేల అలా వదలకుండా తంగేడు, వెంపలి గింజలు చల్లితే వయ్యారిభామను అవి లేవనివ్వవు. మొక్కల_పిచ్చి గారి కోరికా తీరుతుంది.

నల్లకోటు_తెనాలి
చట్టం వైపు నుంచి నాలుగు ముక్కలు.

ఓనరుకు చెప్పకుండా ప్లాట్లో దిగడం గురించి మామయ్య గారు చెప్పింది సబబే. కంచె ఉన్నా లేకున్నా అది ఒకరి స్వాధీనంలో ఉన్న భూమి. మీ గోడ మీదకు వచ్చిన కొమ్మలు, తీగలు మీ హద్దు వరకు కోసుకోవచ్చు, అవతలికి వంగి కోయకూడదు.

కలెక్టరు, ఆర్డీవో స్థాయిలో బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 152 కింద పబ్లిక్ న్యూసెన్స్ తొలగించమని ఆర్డరు ఇవ్వొచ్చు. పాత సీఆర్‌పీసీలో 133 అన్నది ఇదే, 2024 జులై 1 నుంచి నంబరు మారింది. అయితే ఉత్త గడ్డికి ఇది బలహీనమైన ఆయుధం. దారి పక్కన కంచె లేని గొయ్యి, బావి, పడబోయే చెట్టు ఉంటే సూటిగా తగులుతుంది. మీ కార్నర్ ప్లాట్లో అలాంటిదేమైనా ఉందా చూడండి.

చాలామందికి తెలియనిది, జిల్లా కేంద్రంలో ఉండే పర్మనెంట్ లోక్ అదాలత్. పారిశుద్ధ్యం అక్కడ ప్రజోపయోగ సేవల కిందికి వస్తుంది. కోర్టు ఫీజు లేదు, లాయరు లేకపోయినా ఫర్వాలేదు. అర్జీ ఇచ్చి రసీదు ఉండి మున్సిపాలిటీ కదలకపోతే, దాన్ని ప్రతివాదిగా పెట్టి అక్కడ వేయొచ్చు. నోటీసు అందగానే సగం కేసులు అక్కడికక్కడే కదులుతాయి, నా అనుభవం అది.

ఓనరు పేరు కోసం రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ ప్లాటుకు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీయండి. పేరు మాత్రమే వస్తుంది. చిరునామా కావాలంటే దస్తావేజు నంబరు పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ అడగాలి.

మూడో_లైను
అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. జరిగింది చెప్తాను.

అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాను, కలెక్టరేట్‌లోనూ ఇచ్చాను. గురువు గారి కిటుకు ప్రకారం పన్ను అడిగితే తూర్పు ప్లాటుకు వేసే ఉంది, రిజిస్టర్‌లో పేరు దొరికింది. రెవెన్యూ ఆయనే ఫోన్ చేశారు. ఓనరు ఒక రిటైర్డ్ టీచరు గారు, పక్క జిల్లాలో ఉంటారు. వీడియో కాల్‌లో ప్లాటు చూపిస్తే "అయ్యో, ఇంత పెరిగిందా" అన్నారు. ముందు నాలుగు హద్దురాళ్లు వెతికి, సున్నం కొట్టి, ఫోటోలు తీసి ఆయనకు పంపాను. ఆ తర్వాతే గడ్డి మిషన్ వాళ్లను దింపాం. డబ్బు ఆయన ఫోన్‌పే చేశారు. జేసీబీ వద్దని నేనే చెప్పాను.

పడమర ప్లాటే చిక్కు. పన్ను వేయలేదు. ఈసీలో దొరికిన పేర్లు పట్టుకుని వాకబు చేస్తే ఇద్దరు అన్నదమ్ముల మధ్య కోర్టులో కేసు ఉందని తేలింది. ఇద్దరూ "వాడి చేత చేయించండి" అంటున్నారు.

నల్లకోటు_తెనాలి
అలాంటి చోట ఇద్దరి పేరునా నోటీసు ఇమ్మనండి, ఒక కాపీ స్థలం మీద అంటించి ఫోటో తీయమనండి. శుభ్రం చేయించినంత మాత్రాన హక్కు రాదని ఇద్దరికీ రాతపూర్వకంగా చెప్తే ఎవరో ఒకరు ఒప్పుకుంటారు. ఇద్దరి భయమూ అదే, రెండోవాడు దిగితే స్వాధీనం చూపిస్తాడని.

రిటైర్డ్_శానిటరీ
పన్ను వేయించండి. డిమాండ్ నోటీసు ఇద్దరికీ వెళ్తే "నాదే" అని ఒకడు, "కాదు నాదే" అని ఇంకొకడు పరుగెత్తుకొస్తారు చూడు.

డాలస్_మామయ్య
మూడో_లైను గారూ, రాళ్లకు సున్నం కొట్టించి ఫోటో తీయడం బాగుంది. నాకూ మా కాలనీలో అలా చేసిపెట్టే మనిషి కావాలి. గడ్డి మిషన్ వాళ్లు గజానికి తీసుకుంటారా, రోజుకా?

మూడో_లైను
మా దగ్గర రోజు కూలి లెక్క, పెట్రోలు విడిగా. ముళ్లకంప ఉంటే ముందే చూపించి మాట్లాడుకోండి, దిగాక రేటు పెంచుతారు. కొట్టిన గడ్డి ఎవరు ఎత్తాలో కూడా అప్పుడే తేల్చుకోండి. మేం తేల్చుకోలేదు, కుప్ప ఇంకా రోడ్డు పక్కనే ఉంది.

రిటైర్డ్_శానిటరీ
ఆ కుప్ప రోడ్డు మీద ఉంది కాబట్టి అది మాత్రం మున్సిపాలిటీ పనే. రేపు పొద్దున్నే మీ వార్డు శానిటేషన్ సెక్రటరీకి ఫోటో పెట్టు.